త్యాగం కాదు, వాటా

డెల్టా నేల చరిత్ర: ధారావాహిక వ్యాసం

కూచిపూడి అనగానే ఎవరికైనా గజ్జెల చప్పుడే గుర్తొస్తుంది. కానీ ఆ ఊరి పాత చరిత్రకు పండితులు ఆధారంగా చూపించే ఒక కాగితం నేలకు సంబంధించినది. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా భాగవతుల ప్రదర్శనకు మెచ్చి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని పరంపరగా చెప్పుకుంటారు. అది 1678 ప్రాంతం అంటారు. దాదాపు ఎనభై అయిదేళ్ల తర్వాత, 1763లో, మచిలీపట్నం ప్రాంతంలో అధికారం చేస్తున్న కంద్రేగుల జోగిపంతులు హయాంలో ఆ ఊరి భూముల పంపకం పత్రం తయారైంది. వేదాంతం, వెంపటి, పసుమర్తి, భాగవతుల వంటి ఇంటిపేర్లు అందులో వాటాదారులుగా కనబడతాయి. దానం కథలో కీర్తి అంతా ఇచ్చిన ప్రభువుది. పుచ్చుకున్నవాళ్లు చేతులు కట్టుకుని నిలబడతారు. పంపకం పత్రంలో ప్రభువు సాక్షి మాత్రమే. ఎవరికి ఎంత అన్నదే అక్కడ అసలు సంగతి. ఈ భాగంలో చెప్పబోయేదంతా ఈ తేడా మీదే నడుస్తుంది. ఎందుకంటే మన కాలంలో, కృష్ణకు అవతలి గట్టున, కొన్ని వేల కుటుంబాలు ఒక పత్రం మీద సంతకాలు పెట్టాయి. ఆ పత్రాన్ని పంపకంగా చదవాల్సింది పోయి, పదేళ్లుగా దానంగా చదువుతున్నాం.

రాజధాని కోసం ఆ సంతకాలు పెట్టిన అమరావతి రైతుల గురించి మాట్లాడే ప్రతి వేదిక మీదా వినబడే మాట ‘త్యాగం’. పొగిడేవాళ్లు ఆ మాటే అంటారు. వాళ్ల పక్షాన పోరాడేవాళ్లూ ఆ మాటే అంటారు. గౌరవంతో అనే మాటే అది, సందేహం లేదు. అయినా ఆ మాట రైతుకు మేలు చేయలేదని, కీడే చేసిందని నా వాదన. త్యాగానికి ప్రతిఫలం అడగకూడదు, గడువు అడగకూడదు, వడ్డీ అసలే అడగకూడదు. 2015లో తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లో జరిగింది త్యాగం కాదు. అది నగర శివార్లలో స్థలాల వ్యాపారం చేసే ప్రతి సంస్థా చేసే పనే: పొలం తీసుకోవడం, దారులు వేయడం, గజాల లెక్కన కొంత భూమి యజమానికి తిరిగివ్వడం, మిగిలినది అమ్మి ఖర్చు రాబట్టుకోవడం. ఈసారి ఆ సంస్థ ప్రభుత్వం. రైతు అందులో పెట్టుబడి పెట్టిన భాగస్వామి. భాగస్వామిని దాతగా పిలిస్తే నష్టం భాగస్వామికే.

ఈ వాదన నిలబడాలంటే విజయవాడ శివారు భూమి ఎలా గజమైందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి. బెజవాడ దగ్గర ఆర్థర్ కాటన్ ప్రణాళిక ప్రకారం 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట డెల్టా ఎకరానికి విలువ తెచ్చింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడి బెజవాడ కూడలి అయింది. 1952లో పాత ఆనకట్టకు గండి పడ్డాక కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో అందుబాటులోకి వచ్చి నీటితో పాటు రోడ్డు కూడా ఇచ్చింది. పటమట, గుణదల మొదలుకొని కానూరు, పోరంకి, పెనమలూరు దాకా, ఇటు గొల్లపూడి దాకా పొలం స్థలంగా మారిన కథలో వెంచరు వేసినవాడి పాత్ర చివరిది. అతను వచ్చేసరికే కాలవ గట్టు రోడ్డయింది, బందరు రోడ్డు వెడల్పయింది, హైవే పక్కకు జరిగింది. ప్రజల సొమ్ముతో వచ్చిన విలువను అతను ముక్కలు చేసి అమ్మాడు. ఆ పనిలో కష్టం లేదని కాదు. పొలం యజమానులను ఒప్పించడం, మెరక తోలించడం, లింకు డాక్యుమెంట్లు సరిచూడడం, లేఅవుట్ అనుమతి తేవడం తేలికైన పనులు కావు. కాని విలువకు మూలం మాత్రం రోడ్డూ నీరూ. ఈ సంగతి తెలిశాకే ప్రభుత్వమే ఎందుకు స్థలాల వ్యాపారంలోకి దిగిందో అర్థమవుతుంది.

1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద 1978లో విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పట్టణాలను కలిపి ఏర్పడిన సంస్థను జనం ‘ఉడా’ అని పిలిచారు. దాని పరిధి 1,954 చదరపు కిలోమీటర్లు. 2012లో దాన్ని 7,063 చదరపు కిలోమీటర్లకు పెంచారు. లేఅవుట్లకు అనుమతి ఇవ్వడం దాని ప్రధాన పని కాబట్టి ‘ఉడా అప్రూవ్డ్’ అన్న బోర్డు మన ప్రాంతంలో ఒక నమ్మకపు ముద్ర అయింది. మంగళగిరి పక్కన నవులూరు దగ్గర అమరావతి టౌన్‌షిప్ లాంటివాటిని ఉడా తానే వేసి ప్లాట్లు అమ్మింది కూడా. అంటే అనుమతి ఇచ్చే చెయ్యీ, అమ్మే చెయ్యీ ఒక్కటే కావడం 2014లో కొత్తగా వచ్చింది కాదు. కొత్తగా వచ్చింది కొలత. రాష్ట్రం విడిపోయిన ఏడాది డిసెంబరులో చేసిన చట్టంతో ఉడా పోయి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, సీఆర్‌డీఏ, వచ్చింది. దాని పరిధి 8,352 చదరపు కిలోమీటర్లు. అందులో రాజధాని నగరం 217 చదరపు కిలోమీటర్లు.

2015 నాటి భూసమీకరణ నియమాల్లో లెక్క స్పష్టంగా ఉంది. నది పక్కన చేతికందే లోతులో నీళ్లుండే జరీబు భూమి ఎకరం ఇస్తే వెయ్యి గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. ఎకరం అంటే 4,840 గజాలు. జరీబు రైతుకు తిరిగి వచ్చేది నూటికి ముప్ఫై పాళ్లు, మెట్ట రైతుకు ఇరవై ఆరు పాళ్లు. మిగతాదంతా దారులకు, తోటలకు, ప్రభుత్వ భవనాలకు, అమ్మకానికి. ఇది కాక పదేళ్లపాటు ఏటా ‘కౌలు’: జరీబుకు ఎకరానికి 50 వేలు, మెట్టకు 30 వేలు, ఏడాదికి అయిదు వేలు, మూడు వేల చొప్పున పెంపు. కూడి చూస్తే పదేళ్లకు జరీబు ఎకరానికి 7 లక్షల 25 వేలు, మెట్ట ఎకరానికి 4 లక్షల 35 వేలు. రెండు నెలల్లోనే ముప్ఫై వేల ఎకరాలకు పైగా అంగీకారాలు వచ్చాయి; మొత్తం మీద 28 వేలకు పైగా రైతులు దాదాపు 34 వేల ఎకరాలు ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది చిన్న కమతాల వాళ్లే. అర ఎకరం జరీబు ఉన్న ఇంటికి వచ్చేది అయిదు వందల గజాలు, మరో రెండు వందల పాతిక గజాలు. ఇంత తూకం వేసి రాసిన లెక్కలో త్యాగం ఎక్కడుంది? ఇంతకంటే బలమైన సాక్ష్యం ఆ పత్రం పేరే. రైతు సంతకం చేసిన ఫారం 9.14ను డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ ఇర్రివోకబుల్ జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అంటారు. విజయవాడలో పాత పెంకుటిల్లు ఉన్న మనిషి బిల్డరుకు స్థలం ‘డెవలప్‌మెంట్‌కి’ ఇచ్చేటప్పుడు రాసుకునేది కూడా ఇలాంటి కాగితమే. అక్కడ యజమానిని ఎవరూ త్యాగమూర్తి అనరు. ఎన్ని ఫ్లాట్లు నీకు, ఎన్ని నాకు, ఎప్పటికి అని అడుగుతారు.

ఈ పద్ధతి మన రాష్ట్రంలో పుట్టింది కాదు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కోసం 1902లో చేసిన ఆడికెస్ చట్టం చెల్లాచెదురు పొలం చెక్కలను కలిపి, దారులకు భూమి తీసి, మిగిలినది యజమానులకే తిరిగి పంచే దారి చూపింది. 1915 నాటి బొంబాయి టౌన్ ప్లానింగ్ చట్టం అదే ఆలోచనను ఇక్కడికి తెచ్చింది. అహ్మదాబాదు శివార్లు ఎక్కువగా ఆ పద్ధతిలో పెరిగినవే. పుణె పక్కన హడప్సర్‌లో మగర్‌పట్టా రైతులు ఇంకో మెట్టు ఎక్కారు. నాలుగు వందల ఎకరాలకు పైబడిన భూములున్న నూరుకు మించిన కుటుంబాలు బిల్డరుకు అమ్మకుండా తామే ఒక కంపెనీ పెట్టుకుని, ఇచ్చిన భూమిని బట్టి అందులో వాటాలు తీసుకున్నాయి. అక్కడ రైతు అక్షరాలా వాటాదారుడు. ఢిల్లీ కథ దీనికి ఎదురు దిక్కున నడిచింది. 1946లో మొదలైన డీఎల్‌ఎఫ్ అనే ప్రైవేటు కంపెనీ సౌత్ ఎక్స్‌టెన్షన్, గ్రేటర్ కైలాష్ వంటి కాలనీలు వేస్తుండగా, 1957 చట్టంతో ప్రభుత్వ సంస్థ నగరంలో భూమి అభివృద్ధి పని తన చేతుల్లోకి తీసుకుంది. ఆ కంపెనీ చివరికి గుర్గావ్ పొలాల వైపు మళ్లింది. ఒకచోట ప్రైవేటు సంస్థ, ఇంకోచోట రైతుల సంస్థ, మరోచోట ప్రభుత్వ సంస్థ. పని మాత్రం ఒకటే. కాబట్టి చేసేది ప్రభుత్వం అయినంత మాత్రాన భాగస్వామి హక్కు పలచబడదు.

ఇక అమరావతిలో భాగస్వాములు ఎంతమందో చూడండి. నా వాదనకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. 1,691 ఎకరాల స్టార్టప్ ప్రాంతానికి సింగపూర్‌కు చెందిన అసెండాస్ సింగ్‌బ్రిడ్జ్, సెంబ్‌కార్ప్ సంస్థల కూటమితో ఒప్పందం కుదిరింది. అందులో వాటా శాతాలు రాసి ఉన్నాయి: కూటమికి 58, ప్రభుత్వ పక్షానికి 42. 2018 ఆగస్టులో సీఆర్‌డీఏ 2,000 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేసింది. వాటి మీద 10.32 శాతం వడ్డీ, చెల్లింపుకు తేదీలు, వెనక రాష్ట్ర ప్రభుత్వ హామీ. అదే ఏడాది చివర నేలపాడు దగ్గర ‘హ్యాపీనెస్ట్’ పేరుతో 1,200 ఫ్లాట్లకు బుకింగులు తెరిచారు. ఫ్లాటు బుక్ చేసినవాళ్లకు 2016 నాటి రేరా చట్టం అండ ఉంది. గడువు దాటితే కొనుగోలుదారు వడ్డీ అడగొచ్చని ఆ చట్టం చెబుతుంది. అభివృద్ధి సంస్థలను కూడా అది ప్రమోటర్ల కిందనే లెక్కిస్తుంది. వీళ్లందరికీ కింద, నేల ఇచ్చి ఇదంతా సాధ్యం చేసిన రైతు ఉన్నాడు. అతనికి గజాల లెక్క ఉంది, కౌలు ఉంది. ఆలస్యమైతే వడ్డీ అడిగే సూటి దారి మాత్రం బాండు కొన్నవాడికి ఉన్నంతగా లేదు. కౌలు సకాలంలో రాక కోర్టు మెట్లెక్కిన సంవత్సరమూ ఉంది. డబ్బు పెట్టినవాడికి తేదీ దొరికింది, ఫ్లాటు కొన్నవాడికి చట్టం దొరికింది, నేల పెట్టినవాడికి సన్మానం దొరికింది. ఈ వరుసలో రైతు చివరికి పోవడానికి ‘త్యాగం’ అన్న మాట దోహదం చేసిందనే నేను అనుకుంటున్నాను.

2019 ఈ తేడాను బయటపెట్టింది. ఆ ఏడాది జులైలో ప్రపంచ బ్యాంకు 30 కోట్ల డాలర్ల రుణ ప్రతిపాదన నుంచి తప్పుకుంది. నవంబరులో సింగపూర్ కూటమితో ఒప్పందం పరస్పర అంగీకారంతో రద్దయింది. ‘పరస్పర అంగీకారం’ అన్న ఆ రెండు మాటలు గమనించండి. ఇద్దరు భాగస్వాములు కూర్చున్నారు, ఇద్దరూ ఒప్పుకున్నారు, విడిపోయారు. నెల దాటాక, డిసెంబరు 17న, శాసనసభలో మూడు రాజధానుల ఆలోచన వెలువడింది. 28 వేలమంది భాగస్వాముల అంగీకారం ఎవరూ అడగలేదు. మందడం, వెలగపూడి, తుళ్లూరు శిబిరాల్లో మొదలైన నిరసన వందల రోజులు సాగింది. అందులో మహిళలు ముందు నిలిచారు. 2020లో సీఆర్‌డీఏ చట్టాన్నే రద్దు చేశారు, 2021 నవంబరులో ఆ రద్దును ఉపసంహరించారు. 2022 మార్చి 3న హైకోర్టు త్రిసభ్య ధర్మాసనం రైతులకు అభివృద్ధి చేసిన ప్లాట్లు మూడు నెలల్లో అప్పగించమంది. ఆ ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఆ గడువుల మీద స్టే ఇచ్చింది. గడువుల సంగతి అలా ఉంచి, హైకోర్టు రైతుతో జరిగినదాన్ని ఒప్పందంగా చూసిందన్నది ముఖ్యం. ఒప్పందం నుంచి ప్రభుత్వం తన ఇష్టానికి పక్కకు తప్పుకోలేదని చెప్పిన తీర్పు అది. రైతుకు ఊతం ఇచ్చింది ఫారం 9.14 అనే కాగితం. త్యాగాన్ని కొనియాడిన ఉపన్యాసాలు కోర్టులో పనికిరాలేదు.

ప్రభుత్వాన్ని కంపెనీతో పోల్చడం సరికాదని అనేవాళ్లున్నారు. ఎన్నికలు వస్తాయి, విధానాలు మారతాయి, ప్రజలు ఇచ్చిన తీర్పును ఒక పాత ఒప్పందం బంధించకూడదు అంటారు. అందులో సగం నిజం ఉంది. రాజధాని ఎక్కడ ఉండాలన్నది రాజకీయ నిర్ణయం. దాన్ని ఎప్పటికీ మార్చకూడదని నేను అనడం లేదు. కానీ విధానం మార్చుకునే స్వేచ్ఛ వేరు, చేసిన బాకీ తీర్చే బాధ్యత వేరు. రహదారి టెండరు రద్దు చేసిన ప్రభుత్వం అప్పటికే జరిగిన పనికి బిల్లు చెల్లించదా? బాండ్లు జారీ చేసిన ప్రభుత్వం మారితే వడ్డీ ఆగిపోతుందా? పొలం దున్నేసి, గట్లు చెరిపేసి, సర్వే రాళ్లు పీకేసిన తర్వాత రైతు వెనక్కి వెళ్లే దారి లేదు. తన చెక్క ఏదో గుర్తుపట్టలేని స్థితి అది. భాగస్వామికి వెనుదారి మూసేసినవాడు ముందుదారి చూపించి తీరాలి.

రైతులు ఇప్పటికే లాభపడ్డారు, ఇక ఏం బాకీ అనేవాళ్లు ఇంకొందరు. రాజధాని ప్రకటనతో ధరలు ఆకాశానికి వెళ్లిన మాట నిజం. అయితే ఆ ధర అమ్మినవాడికే చేతికి వచ్చింది. అమ్మకుండా ఉంచుకున్నవాడికి ధర పెరిగినప్పుడు కాగితం మీద పెరిగింది, 2019 డిసెంబరు తర్వాత పడినప్పుడు నిజంగానే పడింది. పిల్ల పెళ్లికో చదువుకో అప్పుడే అమ్మాల్సి వచ్చిన ఇల్లు ఆ తేడాను మోసింది. బజారు వల్ల ధర పడితే అది వ్యాపారంలో ఉండే కష్టం, ఎవరినీ అనలేం. డెవలపరు పని ఆపేయడం వల్ల పడితే అది డెవలపరు చేసిన నష్టం. పైగా ప్రజల సొమ్ముతో పెరిగిన విలువలో ప్రజలకు వాటా ఉండాలి కదా అనే ప్రశ్నకు జవాబు సమీకరణ లెక్కలోనే ఉంది. రైతు ఎకరంలో నూటికి డెబ్భై పాళ్లు వదులుకున్నాడు. పోరంకిలోనో గొల్లపూడిలోనో పొలాన్ని వెంచరుకు ఇచ్చినవాళ్లు ఊరి కోసం ఆ లెక్కన వదిలిన దాఖలా ఏదీ? చేను చేనుకూ ఒక్కో లేఅవుట్ పడి, బోదెలు పూడి, మురుగుకు దారి లేక, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కాలనీలు ఎన్ని రోజులు నీళ్లలో ఉన్నాయో విజయవాడ మరచిపోలేదు. అందరి భూమీ కలిపి ఒకేసారి దారులూ కాలవలూ గీయగల పద్ధతి సమీకరణే. ఆ పద్ధతి మంచిదని నమ్ముతున్నాను కాబట్టే దానికి చెడ్డపేరు వచ్చే పనులను తప్పు పడుతున్నాను.

అంగీకారం నిజంగా స్వచ్ఛందమేనా అన్న ప్రశ్నను కూడా దాటవేయకూడదు. సమీకరణకు ఒప్పుకోకపోతే సేకరణ చట్టం ఉందన్న నీడ మొదటి రోజు నుంచీ ఊళ్ల మీద ఉంది. పూలూ కూరగాయలూ అరటీ ఏడాది పొడుగునా పండే ఉండవల్లి, పెనుమాక రైతుల్లో చాలామంది చివరిదాకా సంతకం చేయలేదు. వాళ్లకు వాళ్ల భూమే ఉద్యోగం. గజాలు ఉద్యోగం ఇవ్వవు. కేంద్రం నియమించిన శివరామకృష్ణన్ కమిటీ 2014లోనే, విజయవాడ గుంటూరు మధ్య సారవంతమైన నేల మీద రాజధాని భారమంతా మోపవద్దని హెచ్చరించింది. ఆ హెచ్చరికలో పస ఉందని ఇవాళ కూడా ఒప్పుకోవాలి. అయితే దీనివల్ల నా వాదన బలహీనపడదు. ఒత్తిడి మధ్య సంతకం చేసినవాడికి రావలసినది పూర్తిగా, వేళకు ఇవ్వాల్సిన బాధ్యత ఇంకా ఎక్కువవుతుంది.

నా వాదనకు నిజంగా గట్టి అభ్యంతరం వేరే ఉంది. వాటా అన్నాక భూమి ఉన్నవాడికే వాటా. రాజధాని నగరం కిందికి వచ్చిన 29 గ్రామాల్లో భూమి లేని కూలీలు ఉన్నారు. కౌలుకు చేసుకునే వాళ్లున్నారు. లంకల్లో, పోరంబోకుల్లో ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ పట్టాల మీద బతికిన దళిత కుటుంబాలున్నాయి. నాట్లు వేసి, కలుపు తీసి, మల్లెలు కోసి ఆ నేలకు విలువ తెచ్చినవాళ్లలో వీళ్లు లేరా? ఉన్నారు. వాళ్లకు మొదట దక్కినది భూమి లేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను. అంటే రోజుకు 83 రూపాయలు. ఏడాదిలో ఎక్కువ రోజులు పని దొరికే జరీబు ఊళ్లో ఆడమనిషి కూలీకి కూడా అది సాటి రాలేదు. పట్టా ఉన్న రైతుకూ అసైన్డ్ రైతుకూ మొదట గజాల్లో తేడా పెట్టారు. ఆ తేడా కొనసాగినన్నాళ్లూ, తర్వాత సరిచేస్తారో లేదోనన్న భయంతో, అసైన్డ్ భూములు తక్కువ ధరకు చేతులు మారాయన్న ఆరోపణలు దర్యాప్తుల దాకా వెళ్లాయి. భూమిని బట్టి వాటా అన్న సూత్రంలోనే ఈ లోపం ఉంది. మగర్‌పట్టాలో కూడా వాటా భూమిని బట్టే. దీనికి జవాబు వాటా ఆలోచనను వదిలేయడం కాదు, వాటాదారుల జాబితాను పెంచడం. కౌలుదారుకు కౌలులో భాగం, కూలీ కుటుంబానికి సొంతంగా ఒక స్థలం, పింఛనుకు ధరలతో పాటు పెరుగుదల: ఇవి దయతో ఇచ్చేవిగా కాక ఒప్పందంలో రాసినవిగా ఉండాలి. 1763లో కూచిపూడి పంపకంలో పేరెక్కని ఇళ్లు ఆ ఊళ్లో ఎన్ని ఉండి ఉంటాయో మనం లెక్క చూడలేం. తుళ్లూరులో మాత్రం చూడగలం, ఎందుకంటే ఆ ఇళ్లవాళ్లు మన కళ్ల ముందే ఉన్నారు.

2024 తర్వాత పనులు మళ్లీ మొదలయ్యాయి. కేంద్ర బడ్జెట్‌లో 15 వేల కోట్ల సాయం మాట వచ్చింది. 2019లో తప్పుకున్న ప్రపంచ బ్యాంకు 2024 డిసెంబరులో 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది, ఆసియా అభివృద్ధి బ్యాంకు కూడా దాదాపు అంతే. 2025 మే 2న వెలగపూడిలో ప్రధాని చేతుల మీదుగా పనుల పునఃప్రారంభం జరిగింది. ఈసారీ అప్పు ఇచ్చిన ప్రతి సంస్థకూ తిరిగి చెల్లించే తేదీలున్నాయి. 2015లో పొలం ఇచ్చినవాళ్లలో కొందరు తమ గజాలు చూడకుండానే కన్నుమూశారు. వాళ్ల పిల్లలు వారసత్వ పత్రాలు పట్టుకుని తిరుగుతున్నారు.

అమరావతి, తుళ్లూరు మండలాల్లో మరికొన్ని గ్రామాల భూములకు రెండో విడత సమీకరణ ఇప్పుడు ముందుకొచ్చింది. ఆ ఊళ్లలో ఈ వ్యాసం చదువుతున్నవాళ్లకు ఒక మాట. మీ ఇంటికి వచ్చే అధికారి మర్యాదగా మాట్లాడతారు, మీ త్యాగాన్ని పొగుడుతారు కూడా. పొగడ్త విని, కాగితం అడగండి. ఎకరానికి ఎన్ని గజాలు అన్నది ఎలాగూ రాసి ఉంటుంది; ప్లాటు ఏ తేదీకి చేతికి వస్తుందో చూడండి. ఆ తేదీ దాటితే నెలకు ఎంత వడ్డీ ఇస్తారో, బాండు కొన్నవాడికి రాసినట్టే మీకూ రాయమనండి. మీ చేలో పనిచేసే కుటుంబానికి ఏం వస్తుందో కూడా అదే కాగితంలో రాయమనండి. అవి రాసిన తర్వాతే సంతకం పెట్టండి.